ఒంటిగంట అక్కయ్య

పోయిన వారం మా మార్కమ్ ఆఫీసు లంచ్ రూములో ఒక కూకట్‌పల్లి అమ్మాయి నా ముందు ఫోను పెట్టి, ప్లాన్ చూసి చెప్పమంది. పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు. మొగుడూ పెళ్ళాం ఫిబ్రవరిలో ఒక కరీబియన్ దీవికి వెళ్తున్నారట, అక్కడున్నన్నాళ్ళూ రోజుకో కొండ ఎక్కుతారట. చూశాను. ప్రతిరోజూ తీరిగ్గా లేచి బ్రంచి, ఆ తర్వాత నడక మొదలు, రాత్రి ఎనిమిదింటికి కొండ మీద సూర్యాస్తమయం, ఫొటోలు, కిందికి దిగడం, డిన్నరు.

"అక్కడ ఆరు దాటితే చీకటి పడిపోతుందమ్మా," అన్నాను.

"అదేంటి ఆంటీ, అక్కడ వెదర్ సమ్మరే కదా? సమ్మర్‌లో తొమ్మిది దాకా వెలుతురుంటుంది కదా!" అంది.

ఆంటీ అన్నందుకు కొంచెం మండింది గానీ ఆ పిల్లని తప్పు పట్టలేకపోయాను. పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో. ఎంత ఎండలు కాసినా ఆరున్నర, ఏడింటికల్లా లైట్లు వేసుకునే ఊళ్ళో బతికింది. అంటారియోలో నాలుగు ఎండాకాలాలు గడిపేసరికి, వేడి ఉన్నచోటల్లా సూర్యుడు కూడా ఆలస్యంగా ఇంటికి వెళ్తాడని నమ్మకం కుదిరిపోయింది. ఇది ఇక్కడి మనవాళ్ళే చేసే పొరపాటు. కెనడాలో పుట్టినవాళ్ళు గూగుల్‌లో చూసుకుంటారు. మనం మాత్రం వేడి దేశం గురించి మనకొకరు చెప్పాలా అన్న ధీమాతో చూసుకోం.

నేనూ ఒకప్పుడు అదే ధీమాతో ఉన్నదాన్నే. దాన్ని వదలగొట్టిన మనిషి మొన్న అక్టోబరులో పోయింది. అంత్యక్రియలకి వెళ్ళొచ్చాను, ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం, ఆవిడ గురించి మళ్ళీ పెద్దగా తలచుకోలేదు. ఆ అమ్మాయి ఫోను తీసుకుని వెళ్ళిపోయాక మాత్రం లంచ్ డబ్బా మూత పెట్టకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే నార్త్ యార్క్ నుంచి మిల్టన్ దాకా సగం మంది ఫోన్ చేసి, అలా కాదు ఇలా జరిగింది అని నన్ను సరిదిద్దుతారు. అయినా పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. ఎదురుగా అక్కయ్య, వెనకాల ఒంటిగంట అక్కయ్య. ఈ రెండో పేరు ఆవిడకి తెలుసు. తెలిసినట్టు కనిపించేది కాదు.

తాడిపత్రి మనిషి. నార్త్ యార్క్‌లో ఏదో కంపెనీలో జీతాల లెక్కలు చూసేది. పొట్టి మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది, ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా అదే తీరు. ఎవరినైనా కొత్తగా పరిచయం చేస్తే ముందు కాళ్ళవైపు చూసేది. బూట్లు నచ్చితే తల ఎత్తి మొహం చూసి నవ్వేది. ఇంట్లో ఇంకెవరున్నారో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. హాల్లో గోడ మీద ఒక మగమనిషి ఫొటో ఉండేది. దండ లేదు కాబట్టి ఎక్కడో బతికే ఉన్నాడని మాలో మేం తేల్చుకున్నాం.

ఏటా ఫిబ్రవరిలో ఏడెనిమిది మందిని పోగేసి ఒక దీవికి తీసుకెళ్ళేది. అందరూ వెళ్ళే దీవి కాదు. రిసార్టులు తక్కువ, కొండలు ఎక్కువ, రోజూ ఏదో ఒకచోట వాన. ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, పొద్దున బయల్దేరి ఒక కొండో జలపాతమో చూసి సాయంత్రానికి ఇల్లు చేరడం, మర్నాడు మరొకటి. రిసార్టు మాటెత్తితే మూతి ముడిచేది.

"చేతికి రిసార్టోళ్ళ పట్టీ కట్టిచ్చుకోని మూడుపూట్లా మేసేదానికి అంత దూరమెందుకప్పా? ఈడ మన మిల్టన్‌లో బఫే ల్యాదా?" అనేది.

నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళింది సుజాత. మిల్టన్‌లో మా వరసలోనే ఉంటుంది, ఫార్మసీలో పని. జనవరిలో ఒక ఆదివారం, బయట మంచు దట్టంగా పడుతోంది. అక్కయ్య వాళ్ళ కాండోలో, మన అపార్ట్‌మెంట్ లాంటిదే, మీటింగన్నారు. ప్రొజెక్టరూ స్లైడులూ ఉంటాయనుకున్నాను. డైనింగ్ టేబుల్ మీద ఒక వెడల్పాటి పళ్ళెం, అందులో బోర్లించిన గిన్నెలు, వాటి మీద తడిపిన గోధుమపిండి ముద్దలు ముద్దలుగా అద్ది ఉంది. అదీ దీవి. ఆవకాయ జాడీ మూత కారు ఆపే చోటు. పచ్చిమిరపకాయలు ఒకదాని వెనక ఒకటి పెట్టి ఉన్నాయి, అది దారి.

చెంబుతో నీళ్ళు తెచ్చి పై గిన్నె మీద నెమ్మదిగా పోసింది. పిండి సందుల్లోంచి నీళ్ళు పాయలుగా దిగి మిరపకాయల్ని రెండుచోట్ల తడిపాయి.

"సూడండి. పైన వాన పడితే ఈ రెండు తావుల్లో వాగు లేస్తాది. పోయేటప్పుడు చీలమండ లోతుంటాది. వచ్చేటప్పుడు నడుములోతు. అర్థమాయెనా?" అంది.

శ్రీకాంత్ అనే కరీంనగర్ అబ్బాయి, బ్యాంకులో ఐటీ ఉద్యోగం, నా పక్కన కూర్చుని ఉన్నాడు. "అక్కా, ఈ పిండి మళ్ల చపాతీలు చేస్తరా?" అని అడిగాడు.

"నీకే చేసి పెడతా," అంది అక్కయ్య. అన్నట్టే వాడికి చేసి పెట్టింది. రెండు చపాతీలు మిరపకాయ ఘాటుతో.

ఆ తర్వాత పరీక్ష. ఆ కాండోలో మెట్లదారి ఉంది, ఫైర్ అలారం మోగితే తప్ప ఎవరూ తొక్కరు. వీపు సంచిలో సోనా మసూరి బియ్యం చిన్న బస్తా ఒకటి వేసుకుని అడుగు నుంచి పై అంతస్తు దాకా ఎక్కి రావాలి. మధ్యలో నిలబడొచ్చు, కూర్చోకూడదు. కూర్చున్నవాళ్ళకి ఆ ఏటి పొడుగు నడకల్లో చోటు లేదు, జలపాతం దాకా వచ్చి స్నానం చేసి పోవచ్చు. ఇందులో మొహమాటాలు లేవు. ఒకాయన, పెద్ద మేనేజరు, పైకి రావడానికి కొంచెం ముందు కూలబడ్డాడు. మనిషి మొహం మాడ్చుకుని, రోజూ జిమ్‌కి వెళ్తానండీ అని గొణుగుతుంటే అక్కయ్య ఆయనకి మజ్జిగ ఇచ్చి, "మీరు జిమ్ముకే పోండి సార్," అంది. నేను పాసయ్యాను. నా జీవితంలో ఏ ఇంటర్వ్యూ అయ్యాక కూడా అంత సంతోషపడలేదు.

ఒంటిగంట సంగతి కూడా ఆరోజే చెప్పింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎవరు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. పై కొన కళ్ళముందు కనిపిస్తున్నా సరే. అక్కడ ఆరింటికి చీకటి, చెట్ల కింద ఇంకా ముందే చీకటి.

"ఎక్కేటప్పుడు కాళ్ళతో పని. దిగేటప్పుడు మోకాళ్ళతో పని. మోకాళ్ళు చీకట్లో పనిచెయ్యవప్పా," అంది.

నేను తెలివిగా, "ఫిబ్రవరైనా అక్కడ ఎండగానే ఉంటుంది కదండీ, ఎనిమిది దాకా ఫరవాలేదేమో," అన్నాను.

ఆవిడ నా మొహం వైపు చూసింది. "మీదే ఊరు?"

"తెనాలండీ."

"తెనాల్లో ఎనిమిది దాకా పొద్దు ఉంటాందా ఇప్పుడు?" అంది. అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, నవ్వక చేసేదేముంది.

ఆ దీవిలో ఆవిడకి కావాల్సింది ఒక్కటే. నడిమధ్యన ఎత్తైన కొండల గుంపు ఉంది. ఆ గుంపులో, గట్టు దాటాక, ఒక సరస్సు ఉందట. అక్కడికి రోడ్డు లేదు, నడిచి వెళ్ళి నడిచే రావాలి. మేం కలిసిన మొదటి ఏడే దాని గురించి చెప్పింది. ఆరోజు ఉగ్గాని, అంటే బొరుగుల ఉప్మా, తింటున్నాం, ఆవిడ స్పూనుతో కాకుండా చేత్తోనే తినేది.

"మా ఊరి దగ్గర చెరువుండాది, నీళ్ళుండవు. పిల్లోళ్ళు దాంట్లో క్రికెట్టాడుకుంటాండ్రి. ఇదేమో అంత ఎత్తున, కొండ నెత్తిన, ఎవురికీ అక్కర్లేకుండా నీళ్ళు ఊరికే నిలబడుకోనున్నాయంట. నాకు అది చూడాలని ఉంది. అంతే. ఇంకేం ల్యా," అంది.

ఆవిడ నోట నాకు చూడాలని ఉంది అన్న మాట విన్నది అదొక్కసారే. దీవికి మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడల్లా మిగతా నడకలన్నీ మాకోసం, ఆ ఒక్కటీ తనకోసం. అది మాకందరికీ తెలుసు.

మొదటి ఏడు ఆ నడక నా వల్ల చెడింది. నా బూట్లు ఖరీదైనవే, కానీ కొని చాలా ఏళ్ళు అల్మరాలో పెట్టి ఉంచాను. ఇక్కడి హీటర్ల పొడి గాలికి లోపల జిగురు ఎండిపోతుందని నాకేం తెలుసు? ఆ తడిలో, ఆ వేడిలో కుడి బూటు అడుగు అట్ట మొత్తం ఊడి చేతికొచ్చింది. అక్కయ్య తన సంచిలోంచి సల్వారు నాడా ఒకటి తీసి, అట్టని పాదానికి అడ్డంగా నిలువుగా చుట్టి బిగించింది. ఆవిడ సంచిలో ఎప్పుడూ రెండు నాడాలు ఉండేవి. ఒకటి నాకు పోయింది. రెండోది దిగేటప్పుడు నా ఎడమ బూటుకి పోయింది. సగం దూరం కూడా వెళ్ళకుండానే అందరం తిరిగొచ్చాం. నేను క్షమాపణలు చెప్తుంటే, "ఆ కొండ యాడికీ పోదులే," అంది.

రెండో ఏడు పూరీల వల్ల చెడింది. నడకకి వెళ్ళేరోజు పొద్దున బొరుగులో ఉగ్గానో తిని బయల్దేరాలని ఆవిడ రూలు. మధ్యాహ్నానికి వేయించిన శనగలు, బెల్లం. మనవాళ్ళకి అది కూడు కింద లెక్కకి రాదు. సుజాత ముందురోజు పిండి కలిపి పెట్టుకుని, అక్కయ్య స్నానానికి వెళ్ళినప్పుడు బాణలి పెట్టేసింది. పూరీ, బంగాళదుంప కూర. ఆవిడ వచ్చి చూసి ఏమీ అనలేదు, రెండు తిని లేచింది. మిగతావాళ్ళం ఆపలేకపోయాం. తిన్నాక టీ, టీ తర్వాత ఇంకో పూరీ. బయల్దేరేసరికి ఎండొచ్చేసింది, పొట్టలు బరువెక్కాయి, మొదటి ఎక్కుడులోనే తల ప్రాణం తోకకి వచ్చింది.

అయినా ఆ ఏడు చాలా దూరం వెళ్ళాం. మట్టి ఎర్రగా జారుడుగా ఉంది, అడుగడుక్కీ వేళ్ళు పట్టుకుని ఎక్కాలి. పై నుంచి చల్లగాలి రావడం మొదలైంది. ఇంకో రెండు మలుపులు దాటితే గట్టు అని పటం చెబుతోంది. అక్కయ్య ఆగింది. వాచీ చూసుకుంది. మాకెవరికీ ఏమీ చెప్పకుండా, చేతులు వెనక్కి కట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టింది.

శ్రీకాంత్ ఆగలేకపోయాడు. "అక్కా! గీ రెండు మలుపులే. నేను ఉరికి చూసి ఫొటో తీస్కొని వస్త. పది నిమిషాలు."

"ఉరికేదేం వద్దు. దిగు."

"నువ్వన్న పోయి రా అక్కా, మేం ఈడ కూసుంటం. నీ కోసమే కదా వచ్చింది."

ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. కోపం లేదు. "నాకోసం వచ్చినామని నాకొక టైమూ మీకొక టైమూ ఉంటాదా? దిగండి," అంది. దారి పొడుగునా సుజాత పూరీల గురించి కుమిలిపోతూ దిగింది. మేం కారెక్కి తలుపులు వేసుకునేసరికి చీకటి పడింది. ఆ రాత్రి అక్కయ్య పొద్దుటి పూరీలు మిగిలితే పంచదార అద్దుకుని తిని, "బాగున్నాయి సుజాతా," అని పడుకోడానికి వెళ్ళింది. ఒంటిగంట అక్కయ్య అన్న పేరు ఆ ఏడే పడింది. పెట్టినవాడు శ్రీకాంత్.

మూడో ఏడు జనవరిలో మళ్ళీ మెట్ల పరీక్ష. ఆవిడ ప్రతిసారీ మాతోపాటు తనూ ఎక్కేది, అదే బియ్యం బస్తాతో. ముందు ఆవిడ, వెనక నేను, నా వెనక శ్రీకాంత్. కొన్ని అంతస్తులు ఎక్కాక ఆవిడ నడక నెమ్మదించింది. గోడకి చెయ్యానించి నిలబడింది. ఆయాసం నాకు వినబడుతోంది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ నిలబడింది. తర్వాత మెట్టు మీద కూర్చుంది.

నేను పక్కన నిలబడ్డాను. కూర్చోకూడదన్న రూలు ముగ్గురికీ గుర్తుంది.

"సంచి తియ్యండప్పా," అంది కాసేపటికి. శ్రీకాంత్ ఆవిడ భుజాల మీంచి సంచి తీశాడు.

"ఇయ్యాల ఒంట్లో బాగాలేనట్టుంది అక్కా. ఇంకో రోజు చూద్దాం," అన్నాడు.

"బాగాలేక చానా రోజులాయె. డాక్టర్లు చెప్పినారు, గుండెలో ఏదో సరింగ మూసుకోల్యాదంట. నేనే వాళ్ళ మాట ఇంటే కదా. మెట్లు ఎక్కి చూద్దామనుకుంటి," అంది.

నేను చుట్టూ చూశాను. మెట్లదారిలో మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. "అక్కయ్యా, ఎవరూ చూడలేదు. మేం చెప్పం. మీ సంచి మేం మోస్తాం. మీ కోసం నెమ్మదిగా నడుస్తాం. సరస్సు చూసి వద్దాం," అన్నాను. శ్రీకాంత్ తలూపాడు.

"జిమ్ సారును వద్దంటిమే. ఆయనకేం చెప్తాం?" అంది. లేవడానికి చెయ్యి ఇవ్వమంది. మమ్మల్ని పట్టుకుని లిఫ్టు దాకా వచ్చింది. లిఫ్టులో అద్దంలో తన మొహం చూసుకుని దుపట్టా సర్దుకుంది. నాకు ఏడుపొచ్చింది. శ్రీకాంత్ బియ్యం బస్తాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు.

మేం ఆ ఏడు దీవి ప్రయాణం మానుకుంటామన్నాం. ఒప్పుకోలేదు. తర్వాతి ఆదివారం మా ఇద్దరి చేతా మెట్ల పరీక్ష పూర్తి చేయించింది. ఎప్పటిలాగే పళ్ళెంలో గిన్నెలు బోర్లించింది, పిండి అద్దింది, నీళ్ళు పోసింది. ఈసారి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాగులు ఎక్కడ లేస్తాయో, ఎక్కడ వేళ్ళు పుచ్చిపోయి ఉంటాయో నా చేత అప్పజెప్పించుకుంది. అక్కడ నువ్వే నడిపించాలంది. ఆ పూట అన్నీ చెప్పింది గానీ ఒంటిగంట మాట మాత్రం ఎత్తలేదు. మాకది చెప్పే పనేముందిలే అనుకున్నాం.

ఆవిడ లేకుండా ఆ దీవిలో దిగడం ఎలాగో ఉంది. టీచరు సెలవు పెట్టిన క్లాసులో పిల్లల్లా మొదటిరోజు కాస్త అల్లరి చేశాం, రెండోరోజుకి మళ్ళీ దారిలో పడ్డాం. సరస్సు నడక రోజు పూరీల మాట ఎవరూ ఎత్తలేదు. బొరుగులు తిని, నక్షత్రాలుండగానే బయల్దేరాం. కొత్త బూట్లు, ముందే కొన్నాళ్ళు తొడుక్కుని నడిచి మరీ తెచ్చుకున్నాను. సుజాత నాడాలు తెచ్చింది. ఇద్దరు తప్ప అందరం మెట్ల పరీక్ష పాసైనవాళ్ళమే, ఆ ఇద్దరూ జలపాతం దగ్గర ఆగిపోయారు.

ముందురాత్రి పెద్ద వాన పడి దారిలో ఒకచోట మట్టి కూలింది. చుట్టూ తిరిగి ఎక్కడానికి చాలా పొద్దు పోయింది. లేకపోతే ఇంకా ముందే చేరేవాళ్ళం. అయినా పోయిన ఏడు ఆగిన చోటు దాటాం, రెండు మలుపులూ దాటాం. గట్టు మీదికి ఎక్కాం. సరస్సు అక్కడ్నుంచి కనబడదు, ఇంకో చిన్న దిగుడు దిగి పక్కకి తిరగాలి. ఎదురుగా ఇద్దరు ముసలివాళ్ళు, భార్యాభర్తలు, కర్రలు పట్టుకుని వస్తున్నారు. తడిసి ఉన్నారు, మొహాలు వెలిగిపోతున్నాయి. మా వైపు చూసి, ఫ్రెంచి యాసలో, దగ్గరే, పావుగంట, అని చెప్పి వెళ్ళిపోయారు.

వాచీ చూశాను. ఒంటిగంట అవుతోంది.

శ్రీకాంత్ నా వైపే చూస్తున్నాడు. "వాన లేదు. ఎవరికీ కాళ్ళ నొప్పి లేదు. పావుగంట అక్కా," అన్నాడు నెమ్మదిగా.

"అక్కయ్య ఉంటే ఏం చేసేది?" అన్నాను.

సుజాత, "తిరిగేది," అంది.

నేను మళ్ళీ వాచీ చూశాను. ముల్లు ఒంటిగంట మీదికి వచ్చింది. "పదండి," అని దిగడం మొదలుపెట్టాను. చేతులు వెనక్కి కట్టుకోవాలనిపించింది, జారుడు నేల కాబట్టి కట్టుకోలేదు. చాలా గర్వంగా ఉంది. ఆవిడ లేకపోయినా ఆవిడ మాట నిలబెట్టామని దారంతా ఒకరికొకరం చెప్పుకున్నాం. దిగుడు అనుకున్న దానికంటే తేలిగ్గా అయిపోయింది. జలపాతం దగ్గర ఆగి స్నానాలు చేశాం, బట్టలు ఆరబెట్టుకున్నాం. కారు దగ్గరికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. శ్రీకాంత్ ఆ ఎండలో నిలబడి కొండవైపు చూస్తుంటే నేనే పిలిచి కారెక్కించాను.

టొరంటోకి వచ్చిన వారాంతమే నేనూ వాడూ నార్త్ యార్క్ వెళ్ళాం. ఆవిడకని అక్కడి జాజికాయలు తీసుకెళ్ళాం. ఆవిడ తలుపు తీసింది. చిక్కిపోయింది. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. ఇంట్లో ఉండగా ఆవిడని చీరలో చూడటం అదే మొదలు. జాజికాయలు అందుకుని పక్కన పెట్టింది, కనీసం వాసన కూడా చూడలేదు. సోఫాలో కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుని, నన్ను ఎదురుగా కూర్చోమంది.

"ఊ. చెప్పు. నీళ్ళు ఏం రంగుండాయి?" అంది.

నేను నవ్వాను. ఆవిడ సంతోషిస్తుందని ముందే తెలిసిన నవ్వు. "మేం వెళ్ళలేదక్కయ్యా. గట్టు మీదికి వచ్చేసరికి ఒంటిగంట. తిరిగొచ్చేశాం," అన్నాను.

ఆవిడ ముడుచుకున్న కాళ్ళు కిందికి దించింది.

"ఇంకెంత దూరం ఉండె?"

"పావుగంట అన్నారు."

"వాన?"

"లేదండీ."

"ఎవురికన్నా కాళ్ళు?"

"అందరూ బాగానే ఉన్నారు."

"దిగేసరికి చీకటాయెనా?"

నేను శ్రీకాంత్ వైపు చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. "లేదు. ఎండుంది," అన్నాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. మూడేళ్ళలో మామీద అరవని మనిషి అప్పుడు అరిచింది. "పొద్దుందని తెలుస్తానే ఉంది గదా! కాళ్ళున్నాయి, వాన ల్యా! పావుగంటకి ఏమైపోతాది? నేను చెప్పిన దాంట్లో మీకు ఇదొక్కటే బుర్రకెక్కెనా? నేనంటే అందర్నీ ఎనక్కి తెచ్చేదాన్ని, నాకు బయ్యం. మీకేమొచ్చె? నేను ల్యానని తెలుసు గదా. పోయి ఉండచ్చు గదా!"

ఆయాసం వచ్చింది. శ్రీకాంత్ లేచి నీళ్ళు తెచ్చాడు. తాగలేదు. దుపట్టా లేదు కాబట్టి పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వాడికి ఏం చెయ్యాలో తోచక ఫోను తీశాడు. "అక్కా, ఇంటర్నెట్ల ఆ సరస్సు ఫొటోలు మస్తుగున్నయి. చూపిస్తా..."

"అవన్నీ నేను చూడందేముందిరా. ఒక్కోదాంట్లో ఒక్కో రంగుండాది. మనోళ్ళు చూసొచ్చి చెప్తారని కూర్చోనుంటి," అంది. ఈసారి అరవలేదు.

నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, మా మీద జాలి వచ్చింది, ఆ తర్వాత బాధ మొదలైంది. ఆ బాధ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మేం ఆవిడని గౌరవించాం. ఆవిడకి కావాల్సింది అది కాదు.

కొంతసేపటికి ఆవిడ తేరుకుంది. గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగింది. కాళ్ళు సోఫా మీద మళ్ళీ సర్దుకుంది. నా వైపు తిరిగింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, కానీ వాటిలో ఆశ ఉంది.

"సరే పో. గట్టు మీదికి ఎక్కితిరి గదా. నేను అంతవరకూ గూడా పోల్యా. ఆడ ఎట్లుండె? అదన్నా చెప్పు," అంది.

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ గట్టు మీద ఉన్నంతసేపూ నేను వాచీనే చూస్తూ ఉన్నాను.